ఏనుగు పరీక్ష: ధ్యానానుభవాన్ని తరచి చూసిన రెండు సంప్రదాయాలు

బౌద్ధ సభల్లోను, క్షేత్రాల వద్ద పంచే కరపత్రాల్లోను ఇటీవల ఒక వాక్యం తరచు కనిపిస్తున్నది: ధ్యానఫలాలను విజ్ఞానశాస్త్రం నిరూపించిందని. పురావస్తు పరిశోధన చేసేవారికి ఈ మాట వినగానే కలిగే సందేహం ఒకటే. ఏ పొరలో దొరికింది? తవ్వకంలో బయటపడిన వస్తువు ఎంత అపురూపమైనదైనా, అది ఏ స్తరంలో, వేటి సరసన ఉన్నదో నమోదు కాకపోతే చరిత్రకు దాని సాక్ష్యం బలహీనమే. మనస్తత్వశాస్త్ర ప్రయోగం విషయంలోనూ అంతే. ఎవరిని పరీక్షించారు, ఏ సాధనంతో, ఎవరితో పోల్చారు, మరొకరు చేస్తే అదే ఫలితం వచ్చిందా అన్నవి తెలియనిదే నిరూపణ అన్న మాటకు అర్థం లేదు. ధ్యానయోగాలపై జరిగిన ప్రయోగాలకు సుమారు తొంభై సంవత్సరాల చరిత్ర ఉన్నది. అందులో మొదటి ఫలితాన్ని ప్రకటించినవారి పేర్లు ప్రచారంలో ఉన్నంతగా, దానిని మళ్ళీ పరీక్షించినవారి పేర్లు లేవు.

1935లో ఫ్రెంచి హృద్రోగ నిపుణురాలు తెరేజ్ బ్రోస్ ఈసీజీ యంత్రంతో భారతదేశానికి వచ్చి యోగసాధకులను పరీక్షించారు. ఒక సాధకుడు గుండెను దాదాపు నిలిపివేయగలిగాడని చెప్పడానికి ఆమె నమోదులు ఆధారమైనాయి. ఆ తరువాత యోగంపై వచ్చిన రచనల్లో ఇది స్థిరపడిన సత్యంగా చలామణి అయింది. ఆమె ప్రచురించిన నమోదులో ఈసీజీ ఒకే లీడ్‌ది. శ్వాసను గట్టిగా బిగబట్టినప్పుడు గుండె విద్యుదక్షం పక్కకు ఒరుగుతుంది. అప్పుడు ఒక లీడ్‌లో తరంగాలు కుదించుకుపోయినట్లు కనిపించినా, గుండె యథాప్రకారం కొట్టుకుంటూనే ఉండవచ్చు.

ఈ విషయాన్ని తేల్చడానికి 1957లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వెంగర్, మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన బసుకుమార్ బాగ్చీ భారతదేశంలో పర్యటించారు. బాగ్చీ జీవితం ఇక్కడ గమనింపదగినది. ఒకప్పుడు ఆయన స్వామి ధీరానంద. సన్న్యాసిగా అమెరికా వెళ్ళి, ఆ ఆశ్రమాన్ని విడిచి, మెదడు విద్యుత్తరంగాల అధ్యయనంలో ఆచార్యుడైనాడు. యోగంపై ద్వేషంతో పరీక్షకు దిగినవాడు కాడు. ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన బి.కె. ఆనంద్‌తో కలిసి వారు 1961లో ప్రకటించిన పత్రంలో, గుండెను ఆపగలమని లేదా నెమ్మదింపజేయగలమని చెప్పిన నలుగురిని పరీక్షించిన వివరాలున్నాయి. వారిలో ఒకరు బ్రోస్ పరీక్షించిన సాధకుడే. ముగ్గురు శ్వాసను బంధించి, కంఠద్వారం మూసి, ఉదర వక్షస్థల కండరాలను బిగించారు. దానితో గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గింది, నాడి చేతికి అందలేదు, గుండె శబ్దం వినిపించలేదు. ఈసీజీ మాత్రం గుండె ఆగలేదని చూపింది. నాలుగవ వ్యక్తి నిజంగానే గుండె వేగాన్ని స్పష్టంగా తగ్గించాడు. ఈ చివరి వాక్యాన్ని కూడా అంతే నిజాయితీగా ప్రకటించడంలోనే ఆ పత్రం విలువ ఉన్నదని నా అభిప్రాయం.

అదే 1961లో ఆనంద్, ఛీనా, బల్‌దేవ్ సింగ్‌లు మరొక పత్రం ప్రకటించారు. సమాధిస్థితిలో ఉన్న నలుగురు యోగులకు ఈఈజీ తీస్తూ ప్రకాశవంతమైన వెలుగు, పెద్ద చప్పుడు, వేడి గాజుగొట్టపు స్పర్శ వంటివి ప్రయోగించగా, వారి ఆల్ఫా తరంగాలకు భంగం కలగలేదు. 1966లో జపాన్‌లో కాసమాత్సు, హిరాయి జెన్ సాధకులపై చేసిన అధ్యయనం ఇందుకు భిన్నమైన చిత్రాన్ని ఇచ్చింది. ఒకే విధమైన టక్కు శబ్దాన్ని పదేపదే వినిపిస్తే మామూలు మనిషి మెదడు దానికి అలవాటుపడి స్పందన తగ్గిస్తుంది. జెన్ గురువుల మెదడు మాత్రం ప్రతిసారీ మొదటిసారి విన్నట్లే స్పందించింది. ఈ రెండు పత్రాలను పక్కపక్కన పెట్టగానే ఎంత అందమైన సిద్ధాంతం తయారైందో ఊహించండి. హిందూ యోగి లోకాన్ని మూసివేస్తాడు, బౌద్ధ సాధకుడు లోకాన్ని క్షణక్షణం కొత్తగా చూస్తాడు. రెండు దర్శనాల భేదం మెదడు రేఖల్లోనే కనిపించినట్లయింది. చైతన్యాన్ని గురించిన పాఠ్యగ్రంథాలు ఈ పోలికను ఆదరించాయి. మన పక్షానికి అనుకూలమైనది కనుక బౌద్ధ రచయితలూ ఆదరించారు.

1981లో బెకర్, షపిరో ఆ శబ్దపరీక్షను మళ్ళీ చేశారు. జెన్, యోగ, భావాతీత ధ్యాన పద్ధతుల్లో దీర్ఘకాల సాధన ఉన్న మూడు వర్గాలతోపాటు ధ్యానం చేయనివారిని రెండు వర్గాలుగా తీసుకున్నారు. ఒక వర్గానికి శబ్దాన్ని శ్రద్ధగా వినమని, రెండవదానికి దానిని పట్టించుకోవద్దని చెప్పారు. శబ్దానికి అలవాటుపడే తీరులో ఈ వర్గాల మధ్య ఆశించిన తేడా కనిపించలేదు. మొదటి రెండు అధ్యయనాలు అబద్ధాలని దీని అర్థం కాదు. వాటిలో పరీక్షకు లోనైన గురువులు చాలా కొద్దిమంది, ప్రయోగ పరిస్థితులు వేరు వేరు. అంత సన్నని పునాదిపై రెండు మతాల మనోవిజ్ఞానాన్ని నిలబెట్టినవారిదే తొందరపాటు. మూడు పెంకుల ఆధారంతో ఒక నగరాన్ని ఊహించే అలవాటు మా రంగంలోనూ లేకపోలేదు.

అంతర్దర్శనం విషయంలో మనస్తత్వశాస్త్రం ఇంతకుముందే దెబ్బతిన్నది. 1879లో లైప్‌జిగ్‌లో వుంట్ ప్రయోగశాల ఏర్పడిన తరువాత, శిక్షణ పొందిన పరిశీలకుడు తన మనస్సును తానే చూసి చెప్పే మాట ఆ శాస్త్రానికి ముఖ్య ఆధారంగా ఉండేది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో వుర్జ్‌బర్గ్ పరిశీలకులు ఏ బింబమూ లేని ఆలోచన ఉన్నదన్నారు. కార్నెల్‌లో టిచెనర్ శిష్యులు అటువంటిది తమకు కనిపించలేదన్నారు. ఇరుపక్షాలవారూ శిక్షితులే. ఎవరి గురువు సిద్ధాంతం వారి కంటికి కనిపించింది. తీర్పు చెప్పడానికి బయట మూడవ సాక్ష్యం లేకపోయింది.

ఈ చిక్కు వినయ పిటకానికి కొత్త కాదు. నాలుగవ పారాజిక నేపథ్యం భిక్షువులకు విదితమే. వజ్జి దేశంలో కరువు కాలాన వగ్గుముదా నదీతీరపు భిక్షువులు ఒకరి లోకోత్తర సిద్ధులను మరొకరు గృహస్థుల వద్ద పొగిడి సుభిక్షంగా వర్షావాసం గడిపారు. లేని సిద్ధిని ఉన్నదని చెప్పుకోవడం సంఘం నుంచి వెలివేయదగిన అపరాధమైంది. అయితే ఆ నియమంలోనే ఒక మినహాయింపు ఉన్నది: అధిమానం. నిజంగా పొందానని నమ్మి పొరపాటున చెప్పినవాడు పారాజికుడు కాడు. అబద్ధం వేరు, ఆత్మవంచన వేరు అని గుర్తించి, చిత్తశుద్ధి ఉన్నంత మాత్రాన అనుభవకథనం సత్యం కాజాలదని ఒప్పుకున్న నియమమిది. ధ్యానప్రయోగాల గురించి రాసేవారు కాలామ సుత్తాన్ని విరివిగా తలుస్తారు గాని ఈ శిక్షాపదాన్ని తలవరు. కాలామ సుత్తం ప్రయోగశాస్త్ర ప్రణాళిక కాదు. ఏ ధర్మాన్ని ఆచరించాలి, దేనిని విడువాలి అన్న నైతిక వివేచన అది. పైగా అందులో జ్ఞానుల ప్రశంసకు కూడా చోటున్నది. స్వానుభవ ప్రామాణ్యాన్ని నేరుగా ప్రశ్నించేది వినయమే.

ఆ ప్రశ్న విసుద్ధిమగ్గంలో పరీక్షగా మారింది. ఐదవ శతాబ్దిలో అనురాధపుర మహావిహారంలో బుద్ధఘోషుడు రచించిన ఈ గ్రంథం ఇరవయ్యవ పరిచ్ఛేదంలో విపశ్యనకు కలిగే పది ఉపక్లేశాలను వివరిస్తుంది. కాంతి, ప్రీతి, ప్రశాంతి వంటి అనుభవాలను సాధకుడు మార్గఫలమని భ్రమిస్తాడు. అక్కడ వచ్చేదే మహానాగ థేరుని కథ. ఉచ్చవాలికలో నివసించే ఆయన తాను అర్హతుడనని అరవై ఏళ్ళుగా నమ్మి ఉన్నాడు. శిష్యుడైన ధమ్మదిన్న థేరుడు వచ్చి ప్రశ్నలు వేస్తే అన్నిటికీ లోపం లేకుండా సమాధానం చెప్పాడు. గమనించండి, మౌఖిక పరీక్షలో ఆయన ఉత్తీర్ణుడే. అప్పుడు శిష్యుడు ఋద్ధిబలంతో ఒక ఏనుగును సృష్టించమన్నాడు. చెవులు చాచి, తోక నిగిడ్చి, తొండం నోట పెట్టుకొని ఘీంకరిస్తూ అది మీదికి వస్తున్నట్లు చేయమన్నాడు. తాను సృష్టించిన ఏనుగే దూసుకురావడం చూసి మహానాగుడు లేచి పరుగెత్తబోయాడు. శిష్యుడు చీవరం అంచు పట్టుకొని, క్షీణాస్రవునికి భయముంటుందా అని అడిగాడు. గురువు భ్రమ ఆ క్షణంలో వీడింది. వెంటనే శిష్యుని సాయం కోరి, అతడిచ్చిన కర్మస్థానంతో అర్హత్త్వం పొందాడని కథ.

ఈ కథలో అద్భుతాన్ని పక్కనబెట్టి పరీక్ష రచనను చూడవలసి ఉన్నది. సిద్ధాంతం ప్రకారం అర్హతునికి భయం ఉండదు. కనుక భయం కనబడితే ఆ సిద్ధి లేనట్లే. మాటలను వదిలి, దాచలేని శరీర స్పందనను గురుతుగా తీసుకోవడం, ప్రతిపాదన తప్పని తేలగల పరిస్థితిని కావాలని కల్పించడం, గురువుపై గౌరవం వల్ల పరీక్షను మానుకోకపోవడం, ఇవన్నీ బుద్ధఘోషుడు ఆదరంతో నమోదు చేసిన విషయాలు. బౌద్ధులే ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రాన్ని కనుగొన్నారని దీనినుంచి తేల్చరాదు. అక్కడ పోల్చడానికి మరొక వర్గం లేదు, కొలత లేదు, పరీక్షించినవాడు కూడా అదే సిద్ధాంతంలో పెరిగినవాడు. (బుద్ధఘోషుడు మనవాడే అన్న వాదన కూడా ఇటువంటి జాగ్రత్తనే కోరుతుంది. మోరండఖేటకాన్ని గుంటూరు ప్రాంతపు గ్రామనామాలతో ముడిపెట్టడం పేర్ల సామ్యంపై ఆధారపడిన ఊహ. అది ఆకర్షణీయంగా ఉండడమే మనం దానిని మరింత అనుమానించడానికి కారణం కావాలి.)

వర్తమానంలోనూ ఇదే క్రమం నడుస్తున్నది. ఎనిమిది వారాల స్మృతి శిక్షణతో మెదడులో బూడిదరంగు పదార్థం పెరిగిందని 2011లో వెలువడిన పత్రం లోకప్రసిద్ధం. శిక్షణ పొందినవారు 16 మంది, పోల్చినవారు 17 మంది. వర్గాలను చీట్లు తీసినట్లు యాదృచ్ఛికంగా విభజించలేదు. 2022లో రిచర్డ్ డేవిడ్‌సన్ బృందం అంతకంటె పెద్ద సంఖ్యలో, యాదృచ్ఛిక విభజనతో, మరొక ఆరోగ్య శిక్షణ పొందిన వర్గంతో కూడా పోల్చి చూస్తే అటువంటి నిర్మాణ మార్పు కనిపించలేదు. డేవిడ్‌సన్ ధ్యానానికి అత్యంత సానుభూతిపరుడైన శాస్త్రజ్ఞుడని వేరే చెప్పనక్కరలేదు. బాగ్చీలాగే ఆయన బృందమూ ప్రతికూల ఫలితాన్ని ప్రకటించింది. మన కరపత్రాల్లో మాత్రం ఇప్పటికీ 2011 పత్రమే ఉన్నది.

ప్రయోగశాలలు భిక్షువులను ఆహ్వానిస్తున్న ఈ కాలంలో వినయపరమైన ఒక చిక్కు ఆచరణలో ఎదురవుతుంది. ఇప్పుడు మీరు ఏ ధ్యానభూమిలో ఉన్నారు అని పరిశోధకుడు అడిగితే, తనకు సిద్ధించిన స్థితిని నిజంగానే చెప్పినా, అడిగినవాడు ఉపసంపద పొందనివాడు కనుక ఎనిమిదవ పాచిత్తియం వర్తిస్తుంది. విజ్ఞానశాస్త్ర దృష్టిలోనూ ఆ జవాబు బలహీన సాక్ష్యమే. కనుక సిద్ధిని అడగకుండా సాధనాకాలం, పద్ధతి, రోజువారీ గంటలు నమోదు చేసి, తక్కినదానిని చేతల ద్వారా కొలవడం ఉభయులకూ శ్రేయస్కరం. 2014లో డేవిడ్‌సన్ సహకారంతో వెలువడిన ఒక అధ్యయనం ఇందుకు మంచి నమూనా. అందులో పాల్గొన్నవారు తమ శ్వాసలను లెక్కిస్తూ, ఒకటి నుంచి ఎనిమిది వరకు ఒక మీటను, తొమ్మిదవ శ్వాసకు మరొక మీటను నొక్కుతారు. లెక్క తప్పితే యంత్రానికి తెలుస్తుంది. ఆనాపానస్మృతిలో శ్వాసల లెక్కను ఐదుకు తగ్గకుండా, పదికి మించకుండా ఉంచమని విసుద్ధిమగ్గం చెప్పినది ఈ సాధననే. ఇందులో పాల్గొనే భిక్షువు తన సిద్ధి గురించి నోరు విప్పవలసిన పని లేదు.