మోటారు స్పీడు తగ్గించడానికి 80 ఏళ్లు ఎందుకు పట్టింది?

ఈ ఎపిసోడ్ ఒక కాలిపోయిన మోటారుతో మొదలుపెడతా. దాన్ని కాల్చింది నేనే.

మాది కొత్తగూడెం. మా బాబాయికి పిండిగిర్ని ఉంది. "స్పీడు ఎక్కువైంది రా, పిండి వేడెక్కుతోంది" అన్నాడు. నేనప్పుడు డిప్లొమా అయిపోయి కొత్తగా బయటికొచ్చిన. ఒక వీఎఫ్‌డీ తెచ్చి, 50 హెర్ట్జ్‌ని 20కి దించి పెట్టిన. వారం తిరక్కుండానే వైండింగ్ మాడిన వాసన. రీవైండింగ్ షాపు అన్న ఒక్కటే అడిగిండు: "తమ్మీ, మోటారు వెనక ఫ్యాను ఎవరు తిప్పుతరు?"

మోటారే తిప్పుతుంది! మోటారు నెమ్మదిస్తే దాన్ని చల్లబరిచే గాలి కూడా తగ్గుతుంది. గిర్ని రాయి బరువు మాత్రం తగ్గదు. ఆ సిగ్గుతోనే ఈ చరిత్ర మొత్తం చదివిన.

1888లో నికోలా టెస్లా ఏసీ మోటారు పేటెంట్లు తీసుకున్నాడు. మన దగ్గర, 1871లో విలియం కింగ్ ఇల్లందు దగ్గర కనిపెట్టిన బొగ్గును తవ్వడం మొదలైంది కూడా ఆ తర్వాతి ఏడాదే, 1889లో. ఏసీ మోటారు గట్టిది, చవక. కానీ దాని వేగం కరెంటు ఫ్రీక్వెన్సీకి కట్టేసి ఉంటుంది. 120ని 50తో గుణించి, 4 పోల్స్‌తో భాగిస్తే 1500. మన గ్రిడ్ 50 హెర్ట్జ్ కాబట్టి మోటారు ఆ 1500కి కొంచెం తక్కువలో తిరుగుతుంది. అంతే, వేరే మాట లేదు.

మరి బాయిలో టబ్బులు లాగే హాలేజీ మెల్లగా కదలాలి కదా? 1891లో వార్డ్ లియొనార్డ్ ఒక దారి చూపించాడు. ఒక మోటారుతో జనరేటర్ తిప్పి, ఆ కరెంటుతో డీసీ మోటారు నడపాలి. ఒక పనికి మూడు మిషన్లు! ఇంకో దారి స్లిప్ రింగ్ మోటారు. అందులో మిగిలిన శక్తి రెసిస్టెన్స్‌లలో వేడిగా పోతుంది. ఫ్యాన్లకైతే స్పీడు అలాగే ఉంచి, డ్యాంపర్ మూసి గాలి తగ్గించేవాళ్లు.

1957లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ల థైరిస్టర్ వచ్చింది. 1968లో డెన్మార్క్ డాన్‌ఫాస్ కంపెనీ డ్రైవ్‌లను పెద్ద సంఖ్యలో తయారుచేయడం మొదలుపెట్టింది. టెస్లా పేటెంట్ల నుంచి లెక్కేస్తే 80 ఏళ్లు! ఏసీని డీసీ చేసి, మనకు కావాల్సిన ఫ్రీక్వెన్సీతో మళ్లీ ఏసీ చేయడమే దాని పని. వోల్టేజీ కూడా జతగా తగ్గాలి. 50 హెర్ట్జ్‌కి 415 వోల్టులైతే 25కి దాదాపు 207. తగ్గకపోతే కోర్ తట్టుకోలేక కరెంటు పెరిగిపోతుంది.

మన పక్కనే పాల్వంచలో పాత కేటీపీఎస్ 1966లో మొదలైంది. 2024 ఆగస్టులో దాని 8 కూలింగ్ టవర్లు కూల్చిన వీడియో మీరు చూసే ఉంటారు. అలాంటి ప్లాంట్లలో పెద్ద ఫ్యాన్లు, పంపులే చాలా కరెంటు తినేస్తాయి. ఫ్యాను వేగం 80 శాతానికి తగ్గిస్తే దానికి కావాల్సిన పవర్ దాదాపు 51 శాతానికి పడిపోతుంది. 0.8ని మూడుసార్లు గుణించి చూడండి.

అయితే అన్ని చోట్లా తగ్గించలేం. బొగ్గుబాయి లోపల ఒక్కో మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి అందాలని మన గని నిబంధనలు చెప్తాయి. అక్కడ ఫ్యాను స్పీడు తేల్చాల్సింది కరెంటు బిల్లు కాదు. లోపల పనిచేసేవాళ్ల ఊపిరి, గ్యాస్ లెక్క.

బాబాయి గిర్ని ఏమైందంటారా? షాపు అన్న మోటారుకు చిన్న పుల్లీ వేసిండు. మోటారు ఫుల్ స్పీడే, రాయి మెల్లగా. ఖర్చు కూడా కొంచెమే. డ్రైవ్ తప్పేం లేదు ఫ్రెండ్స్, నేనే తప్పు చోట పెట్టిన.

మీ ఊళ్లో ఏ మోటారుకు డ్రైవ్ పెడితే బాగుంటుందో కామెంట్‌లో రాయండి. ముందు దాని ఫ్యాను ఎవరు తిప్పుతున్నారో చూసి రాయండి.