సౌఖ్యభీతి: కీర్కెగార్డు కుటుంబవృత్తాంతము

దుఃఖమునకు వెఱచుట సర్వప్రాణిసాధారణము. సౌఖ్యమునకు వెఱచుట యరుదు గాని లేకపోలేదు. డెన్మార్కుదేశపుఁ దత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డు (1813–1855) తండ్రి చరిత్రమం దీభయము బాల్యమునఁ బుట్టి పుత్రునకు సంక్రమించిన తెఱంగు గాననగును.

తండ్రి మికాయెల్ 1756వ సంవత్సరమున జట్లండు పడమటిభాగమున సేడింగ్ అను పల్లెలో నిఱుపేదయింటఁ బుట్టెను. పొదలు దప్ప మఱేమియు సరిగా మొలవని యా బయళ్లలో నతఁడు పసితనమున గొఱ్ఱెలఁ గాచెను. ఒకనాఁ డాఁకటిచేఁ గ్రుంగి, చలికిఁ గొంకర్లు పోయి, యా బాలుఁ డొక మిట్టపై నిలిచి దైవమును శపించెను. ఎనుబదిరెండవయేఁట సైతము దానిని మఱవఁజాలఁ డయ్యె నని 1846వ సంవత్సరపు దినచర్యలోఁ గుమారుని వ్రాఁత.

శాపమునకుఁ బిమ్మట వచ్చినది దండనము గాదు, సంపద! పండ్రెండేండ్ల ప్రాయమున మేనమామయొద్దకుఁ గోపెన్‌హాగనుఁ జేరి యున్నిబట్టల వర్తకము నేర్చి, నలువదియేండ్లకే వ్యాపారము చాలించుకొనఁదగిన ధనికుఁ డయ్యెను. 1813లో రాజ్యపు బొక్కసము దివాలా యెత్తి పెక్కు కుటుంబములు చితికిపోయెను. ఇతని ధనము రాజపత్రములలో నుండుటచేఁ జెక్కు చెదరలేదు. మన యిండ్లలో దిష్టి తీయుట పరుల కంటికి వెఱచి. ఈతఁడు వెఱచినది తన కలిమికే. తండ్రి దీర్ఘాయువు వరము గాదు, శాపమే యని కుమారుఁడు మఱియొకచోట వ్రాసికొనెను.

1846 నాఁటి వ్రాఁతలోఁ బేరు లేదు గదా, అది తండ్రికథయే యనుట కేమి యాధార మని యడుగవచ్చును. సోరెను మరణానంతరము, 1865లో, అతని కాగితములఁ బరిష్కరించుచుండిన బార్ఫోడ్ దానిని జ్యేష్ఠభ్రాతయు నాల్బోర్గు బిషప్పును నగు పేటరునకుఁ జూపఁగా, అతఁడు కన్నీరు నించి, యిది మా తండ్రికథ, మా కథయు నని పలికెనఁట. ఇంతకంటె బలమైన సాక్ష్యము దుర్లభము. కొందఱు మికాయెలు పశ్చాత్తాపమునకు ద్వితీయవివాహమే కారణ మందురు. మొదటిభార్య 1796లోఁ జనిపోయెను. మఱుసటియేఁట నింటి పరిచారికను బెండ్లాడెను. అయిదు నెలలు నిండకయే బిడ్డ పుట్టెను. ఈ తప్పు నతనిఁ గలఁచియే యుండును. కాని సంపదయే కోపచిహ్నముగాఁ దోఁచుటకు వివాహదోషము చాలదు. ఆ మిట్టకే పోవలయును.

తరువాతి మరణము లాభయమును ముదురఁజేసెను. ఏడ్గురు బిడ్డలలో 1819 మొదలు 1834 లోపల నైదుగురు గతించిరి. తల్లియు 1834లోనే పోయెను. ఆ యైదుగురిలో నెవ్వరికిని ముప్పదినాలుగేండ్లు నిండలేదు. మిగిలినవారికిని నదే గతి యని యింట నమ్మిక పాతుకొనెను. 1847 మే 5వ తేదీన సోరెను ముప్పదినాలుగేండ్లు నిండించుకొని, తాను బ్రదికియున్నందుకే విస్తుపోయెను.

2013లో మొహసేన్ జోషన్లూ సౌఖ్యభీతిని గొలుచుటకుఁ బ్రశ్నావళిఁ గూర్చెను. దుఃఖమయమైన బాల్యమునకు దీనికి సంబంధము గల దని తరువాతి పరిశీలనములు దెలుపుచున్నవి. అయితే తాను పడని కష్టము వలన వెఱచిన కొడుకుమాట యే ప్రశ్నావళి కందును? సోరెను గొఱ్ఱెలఁ గాచినవాఁడు గాఁడు, ఆఁకలి యెఱుఁగఁడు.

తండ్రి 1838లోఁ గాలధర్మము నొందెను. 1840 వేసవిలో సోరెను సేడింగునకుఁ బోయి యా బయళ్లఁ జూచివచ్చెను. రెండునెలలు గడవకమునుపే, సెప్టెంబరులో, రెగీన ఓల్సెన్ అను కన్యతో వివాహనిశ్చయము చేసికొనెను. తాను పొరపడితి నని మఱునాఁడే తోఁచిన దని యతఁడే వ్రాసెను. పెండ్లాడినచోఁ దండ్రితోడి తన సంబంధమును, తన విషాదమును నామెకు విప్పిచెప్పవలసివచ్చు నని తరువాత వివరించెను. 1841 ఆగస్టున నుంగరమును ద్రిప్పిపంపెను.