అప్పుల చరిత్ర, ప్రభుత్వోద్యోగ అర్హత (పుదుచ్చేరి)

పుదుచ్చేరిలో ప్రభుత్వోద్యోగానికి ఎంపికైనవారి నడవడికను, పూర్వాపరాలను పోలీసుల ద్వారా విచారిస్తారు. కేంద్రపాలిత ప్రాంతం కనుక ఇక్కడి ఉద్యోగులకు 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి వర్తిస్తుంది. బీచ్ రోడ్డు సచివాలయంలోని గుమస్తాకైనా, 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని తెలుగు మాట్లాడే యానాంలో పనిచేసే ఉద్యోగికైనా నిబంధన ఒకటే. ఒకప్పుడు అప్పులపాలైనంత మాత్రాన ఎవరూ అనర్హులు కారు. అప్పు ఎందుకైంది, కోర్టుకెక్కిందా, ఆ సంగతి దాచారా అన్నవి చూస్తారు. బ్యాంకు కొలువుల సంగతి మాత్రం వేరు.

పోలికకు అమెరికాను చూస్తే, అక్కడ రహస్య పత్రాలు చూసే అనుమతికి అభ్యర్థి ఆర్థిక స్థితి ఒక ప్రత్యేక ప్రమాణం. అక్కడి సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985లో డబ్బుకు కటకటలాడుతూ సోవియట్లకు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టి, 1994లో పట్టుబడ్డాడు. మన దేశంలో మాత్రం ఎంపికైనవారు నింపే అటెస్టేషన్ ఫారంలో అప్పుల గురించి అడిగే గడి లేదు. అరెస్టయ్యారా, శిక్ష పడిందా, ఏ కోర్టులోనైనా కేసు నడుస్తోందా అని అడుగుతారు.

అయితే అప్పు దొడ్డిదారిన ఆ ఫారంలోకి రావచ్చు. బాకీ కింద ఇచ్చిన చెక్కు ఖాతాలో డబ్బు లేక బౌన్సయి, నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము కట్టకపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది నేరం. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చేబదులు వ్యవహారమే కదా అని ఆ కేసును రాయకుండా వదిలేస్తే అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. సమాచారం దాచినవారి విషయంలో కేసు తీవ్రతను, ఉద్యోగ స్వభావాన్ని బట్టి యాజమాన్యం నిర్ణయం తీసుకోవచ్చని అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఖాయమని మాత్రం ఆ తీర్పు భరోసా ఇవ్వలేదు.

కొలువులో చేరాక ప్రవర్తనా నియమావళిలోని 17వ నియమం వర్తిస్తుంది. ఉద్యోగి అలవాటుగా అప్పుల్లో మునగకూడదు, దివాలా తీయకూడదు. బాకీ వసూలుకు దావా పడినా, దివాలా పిటిషన్ దాఖలైనా వెంటనే ప్రభుత్వానికి తెలపాలి. దుబారా వల్ల కాక, తన చేతిలో లేని కారణాల వల్లే అప్పయిందని నిరూపించుకోవలసింది ఉద్యోగే. జీతంతో పోలిస్తే అప్పెంత, దానివల్ల పని దెబ్బతింటోందా, అతడు మళ్లీ తేరుకోగలడా అన్నవి అధికారులు తూచి చూడాలి. ఇంట్లో జబ్బు వల్ల చితికినవాడినీ, విలాసాలకు తగలేసినవాడినీ ఒకే గాట కట్టకుండా ఆపేది ఈ పరిశీలనే.

బ్యాంకుల్లో ఇంత వెసులుబాటు లేదు. ఎస్‌బీఐలో అధికారి పోస్టుకు ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని రుణ చరిత్ర బాగాలేదని బ్యాంకు రద్దు చేసింది. నోటిఫికేషన్ నాటికే అప్పులన్నీ తీర్చేశానని అతను వాదించాడు. ఇప్పుడు బాకీ లేకపోవడం చాలదని, గతంలో ఎగవేత నమోదు కాకూడదన్నదే షరతని మద్రాసు హైకోర్టు 2025 జూన్‌లో బ్యాంకు నిర్ణయాన్ని సమర్థించింది. ప్రజాధనంతో వ్యవహరించేవారికి ఆర్థిక క్రమశిక్షణ ఉండాలన్నది కోర్టు మాట. పుదుచ్చేరి కూడా ఆ హైకోర్టు పరిధిలోనిదే. చదువు కోసం అప్పు చేసి, ఉద్యోగం వస్తేనే వాయిదాలు కట్టగలిగే పిల్లలకు ఈ షరతు కఠినమైనది. కట్టలేని స్థితినీ ఎగవేతనూ వేరుగా చూసే ఏర్పాటు బ్యాంకు నియామకాల్లోనూ ఉండాలి.

ఈ రుణ చరిత్రను అంకెలో చూపే సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. రుణ సమాచార సంస్థలు ఒక్కోటి ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. తీర్చేసిన అప్పు ఇంకా బాకీగా కనిపిస్తే ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం చెల్లించాలన్న రిజర్వు బ్యాంకు నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.