డూ (ఇంగ్లీషు సహాయక క్రియ)

ఇంగ్లీషులో డూ అంటే 'చేయు'. అదే మాట ప్రశ్నలోకో, వ్యతిరేక వాక్యంలోకో సహాయక క్రియగా వస్తే దానికి అర్థమేమీ మిగలదు. 'డూ యూ నో హిమ్?' అన్నప్పుడు అక్కడ ఎవరూ ఏ పనీ చేయడం లేదు. కాలాన్ని చూపడం, కర్తకు ముందు వచ్చి నిలబడటం, అంతే దాని ఉద్యోగం. ఇంగ్లీషు కుటుంబానికే చెందిన జర్మన్, డచ్ ప్రామాణిక భాషలకు ప్రశ్న వేయడానికి ఈ సాయం అక్కర్లేదు. అసలు క్రియనే కర్తకు ముందు పెడితే సరిపోతుంది. ఒకప్పుడు ఇంగ్లీషు పద్ధతీ అదే.

పాత ఇంగ్లీషులో దీని రూపం దోన్. పెట్టడం, ఉంచడం, చేయడం, చేయించడం అన్నీ దాని అర్థాలే. ఇండో-యూరోపియన్ మూలధాతువు నుంచి పుట్టిన మాట ఇది. సంస్కృతంలోని 'ధా' ధాతువూ అక్కడిదే. ఆ లెక్కన నిధి, విధి, సంధి అనే మాటలు డూకు దూరపు బంధువులు. ఇంకో వింత కూడా ఉంది. వాక్డ్, లవ్డ్ వంటి భూతకాల రూపాల రాతలో చివర కనిపించే డకారం, డిడ్‌కు పూర్వరూపమైన మాట క్రియకు అతుక్కుని అరిగిపోగా మిగిలిందేనని భాషావేత్తల్లో చాలామంది అభిప్రాయం. అదే నిజమైతే 'డిడ్ యూ వాక్డ్?' అన్న విద్యార్థి ఒకే వాక్యంలో డిడ్‌ను రెండుసార్లు పలికినట్టే.

పాత ఇంగ్లీషులో క్రియకు ముందు 'నె' చేరిస్తే వ్యతిరేకార్థం వచ్చేది. తర్వాత క్రియ వెనక 'నాట్' తోడైంది, క్రమంగా ముందున్న 'నె' రాలిపోయింది. మిగిలింది 'ఐ నో నాట్' అనే తీరు. ప్రశ్న అయితే 'కమ్ యూ?' అనేవారు. చిన్న వాక్యాలు, ఏ ఇబ్బందీ లేదు. మరి డూ మధ్యలో ఎందుకు దూరింది?

దీనికి అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. స్వీడన్ పండితుడు ఆల్వార్ ఎల్లెగోర్డ్ 1953లో 'ది ఆగ్జిలియరీ డూ' అనే గ్రంథం వెలువరించాడు. 14వ శతాబ్దం చివరి నుంచి 18వ శతాబ్దం ఆరంభం దాకా వచ్చిన రచనలను వాక్యం వాక్యం లెక్కగట్టిన పని అది. 'చేయించు' అనే అర్థమే దీనికి మూలమని ఆయన వాదన. రాజు కోట కట్టించాడని చెప్పే వాక్యాన్ని కట్టాడని అర్థం చేసుకున్నా నష్టం లేదు. రాజు స్వయంగా రాళ్లు మోయడని వినేవాడికి తెలుసు. అలా 'ఇంచు' అర్థం కరిగి ఒట్టి డూ మిగిలింది. గణాలు సరిపెట్టుకోవడానికీ, ప్రాసకు కావలసిన క్రియను పాదం చివరికి నెట్టడానికీ కవులకు అది బాగా పనికొచ్చింది. వెల్ష్, కార్నిష్ భాషల్లోనూ 'చేయు' క్రియ సహాయకంగా వాడుకలో ఉంది కాబట్టి అక్కడి నుంచే వచ్చిందనే వాదాన్ని అమెరికన్ భాషావేత్త జాన్ మెక్‌వోర్టర్ 2008లో వచ్చిన తన పుస్తకంలో గట్టిగా వినిపించాడు. ఆకర్షణీయమైన వాదమే. అయితే ఆ భాషలవారితో ఇంగ్లీషువారి సహవాసం మొదలైన ఎన్నో శతాబ్దాలకు గానీ ఈ డూ రాతల్లో కనిపించదు, ఆ వాదానికి అదే చిక్కు.

16వ శతాబ్దం దీనికి మహర్దశ. మామూలు వాక్యాల్లో కూడా, ఏ అవసరమూ లేకుండా, 'ఐ డిడ్ గో' అని రాసేవారు. ముందుగా వ్యతిరేక ప్రశ్నల్లో, తర్వాత మామూలు ప్రశ్నల్లో డూ స్థిరపడింది. వ్యతిరేక వాక్యాల్లో నెమ్మదిగా పాకింది. షేక్‌స్పియర్ నాటకాల్లోనూ, 1611 నాటి బైబిలు అనువాదంలోనూ పాత తీరు, కొత్త తీరు పక్కపక్కనే కనిపిస్తాయి. 1700 నాటికి ప్రశ్నల్లో అది దాదాపు తప్పనిసరి అయింది, వ్యతిరేక వాక్యాల్లోనూ బాగా వ్యాపించింది, మామూలు వాక్యాల్లోంచి తప్పుకుంది. 1755లో వచ్చిన తన నిఘంటువుకు ముందు చేర్చిన వ్యాకరణంలో శామ్యూల్ జాన్సన్ ఆ అనవసరపు డూను దోషంగానే లెక్కగట్టాడు. నొక్కి చెప్పేటప్పుడు మాత్రం అది బతికిపోయింది: ఎదుటివాడు కాదన్నప్పుడు 'ఐ డూ నో' అని డూను ఒత్తి పలుకుతారు.

కొన్ని క్రియలు ఈ కొత్త ఏర్పాటుకు లొంగలేదు. బీ, కెన్, విల్, మస్ట్ నేటికీ సొంతంగానే కర్త ముందుకొస్తాయి. 'నో' క్రియ చాలాకాలం మొండికేసింది. హావ్ సగం లొంగింది: 'డూ యూ హావ్?' అమెరికాలో ముందు పాతుకుపోయి బ్రిటన్‌కూ పాకింది, 'హావ్ యూ ఎ పెన్?' అనడం అక్కడా తగ్గింది. హూ అనే మాటే కర్తగా ఉన్న ప్రశ్నలో డూకు చోటు లేదు, 'హూ కేమ్?' అంటే చాలు. 1957లో నోమ్ చోమ్‌స్కీ 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్'లో దీనికో వివరణ ఇచ్చాడు: కాలప్రత్యయం ఆనుకోవడానికి క్రియ దొరకనప్పుడు దాన్ని మోయడానికి డూ వస్తుంది.

ఈ ఒక్క సూత్రం పట్టుబడితే డూ వాడకంలో నేర్చుకునేవారు చేసే సగం తప్పులు పోతాయి. కాలం డూ మీదికి వెళ్లాక అసలు క్రియ మూలరూపంలోనే ఉండాలి: 'డిడ్ యూ గో?', 'హీ డజంట్ ఈట్'. తెలుగువారికి వ్యతిరేక వాక్యంలో ఇది కొత్త కాదు. 'వచ్చాడు'కు వ్యతిరేకం 'రాలేదు'. 'వచ్చాడు లేదు' అని ఎవరూ అనరు. 'డిడ్ నాట్ కమ్' నిర్మాణం అచ్చం అలాంటిదే. చిక్కల్లా ప్రశ్నలో వస్తుంది. 'వచ్చావా'లో భూతకాలం క్రియ మీదే ఉండి, చివర 'ఆ' మాత్రం చేరుతుంది. 'డిడ్ యూ కేమ్?' అనే వాక్యం వెనక ఆ అలవాటు కొంత ఉంది. పూర్తిగా మాతృభాష మీదే నెపం వేయడం మాత్రం తొందరపాటు. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పసిపిల్లలు కూడా 'డిడంట్ బ్రోక్' అంటారని 1970ల నుంచి పరిశోధకులు నమోదు చేస్తూనే ఉన్నారు.

ప్రామాణిక భాష వదిలేసిన డూ మాండలికాల్లో నిలిచింది. నైరుతి ఇంగ్లండ్‌లోని సోమర్సెట్, డోర్సెట్ పల్లెల పాత మాటల్లో 'ఐ డూ గో' అంటే వెళ్తుంటానని, అలవాటుగా వెళ్తానని. ఐర్లండ్ ఇంగ్లీషులో ఆ అలవాటు అర్థానికే 'డూ బీ' అంటారు.