లాలాగూడకీ తార్నాకకీ మధ్య ఒక సంతకం

పెద్దవాళ్ళకి లైసెన్సు ఉంచాలంటే మళ్ళీ మళ్ళీ టెస్టు పెట్టాలా అన్న ప్రశ్న రాగానే మనవాళ్ళు సరాసరి జపాన్‌కో అమెరికాకో వెళ్ళిపోతారు. మనమూ వెళ్దాం, కాకపోతే కాసేపాగి. లాలాపేటలో నిలబడి చూస్తే ఈ ప్రశ్నకి రెండు పాత జవాబులు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఒకవైపు లాలాగూడలో రైల్వే ఆసుపత్రి, ఇంకోవైపు తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి. రైలు నడిపేవాళ్ళు అక్కడికి, బస్సు నడిపేవాళ్ళు ఇక్కడికి కళ్ళూ, చెవులూ, బీపీ చూపించుకోడానికి వస్తూనే ఉంటారు. ఈ రెండింటికీ మధ్య వీధుల్లో యూనివర్సిటీలోనూ, రైల్వేలోనూ, హబ్సిగూడ వైపు లాబుల్లోనూ పనిచేసి రిటైరైనవాళ్ళు బోలెడుమంది. వాళ్ళు సొంత కారు తీయడానికి కావలసింది మాత్రం ఒక కాగితం, దాని మీద ఒక డాక్టరు సంతకం.

ముందు రైలు సంగతి. వాడి నుంచి సికింద్రాబాదుకి రైలొచ్చింది 1874లో. లాలాగూడ వర్క్‌షాప్ 1893 నాటిది. ఈ రెండిటికీ మధ్య 1875లో, మనకి ఏ సంబంధమూ లేని స్వీడన్‌లో లాగెర్లుండా అనే చోట రెండు రైళ్ళు ఢీకొని తొమ్మిదిమంది చనిపోయారు. సిగ్నల్ రంగు సరిగా కనపడకపోవడం వల్లే ఇది జరిగి ఉంటుందని హోల్మ్‌గ్రెన్ అనే ప్రొఫెసర్‌కి అనుమానం వచ్చింది. ఆయన రంగురంగుల ఊలు దారాలు పట్టుకుని రైల్వే వాళ్ళ ముందు కూర్చున్నాడు. ఏ రంగు దేనికి దగ్గరో ఏరి పెట్టమన్నాడు. మంచి ఉద్యోగులే, ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళే, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకుండా దొరికిపోయారు. (ఆ ప్రమాదానికి అసలు కారణం అదేనా కాదా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, అది వేరే కథ.) ఆ తర్వాత దేశదేశాల రైల్వేలు డ్రైవరు కంటిచూపుని అతని మాట మీద నమ్మడం మానేశాయి.

మన రైల్వేలో ఈ లెక్క ఎంత కచ్చితంగా ఉంటుందో లాలాగూడ క్వార్టర్స్‌లో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. లోకో పైలట్‌కి 45 ఏళ్ళు వచ్చేదాకా నాలుగేళ్ళకోసారి, 45 నుంచి 55 దాకా రెండేళ్ళకోసారి, 55 దాటితే రిటైరయ్యేదాకా ఏడాదికోసారి పూర్తి వైద్య పరీక్ష. వయసు పెరిగేకొద్దీ గడువు తగ్గుతుంది. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, సిస్టమ్ పాతబడేకొద్దీ రిగ్రెషన్ టెస్టులు తరచుగా నడపడం. దీనిమీద ఎవరూ వయసు వివక్ష అని కేకలు పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదు? నా మటుకు నాకు ఈ కథలో అసలు విషయం ఇదే. పరీక్ష తప్పిన లోకో పైలట్ వీధిన పడడు. రైల్వే ఇళ్ళల్లో 'డీకేటగరైజ్' అయ్యాడు అంటారు. అంటే ఇంజిన్ ఎక్కనివ్వరు గానీ ఆఫీసులోనో ఇంకెక్కడో వేరే పని ఇస్తారు, జీతం కాపాడతారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో 47వ సెక్షను, దాని బదులు వచ్చిన 2016 చట్టంలో 20వ సెక్షను ప్రభుత్వోద్యోగులకి ఈ రక్షణనే రాసి ఇచ్చాయి. తప్పితే ఏమవుతుందో ముందే తెలుసు కాబట్టి మనిషి పరీక్షకి కూర్చుంటాడు.

ఇక తార్నాక వైపు వస్తే, మన బస్సులు రైల్వేకి పుట్టిన పిల్లలే. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వాళ్ళే రోడ్డు రవాణా విభాగం పెట్టి 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టారు. అదే 1958లో ఏపీఎస్ఆర్టీసీ అయింది, రాష్ట్రం విడిపోయాక టీఎస్ఆర్టీసీ, 2024 నుంచి టీజీఎస్ఆర్టీసీ. బస్సు డ్రైవరుకీ పరీక్షలున్నాయి. రంగులు గుర్తుపట్టలేకపోతే స్టీరింగ్ వదలాల్సిందే. కానీ వదిలాక ఏం చేయాలి అన్నదగ్గర రైల్వేకి ఉన్నంత నిలకడ ఇక్కడ లేదు. 1979 డిసెంబరులో యూనియన్లతో కుదిరిన ఒప్పందంలో, వర్ణాంధత్వం బయటపడిన డ్రైవర్లకి వేరే ఉద్యోగం ఇస్తామన్న షరతు ఉంది. అయినా 2014లో చేరిన ఒక డ్రైవరుని పరీక్ష తప్పాడని 2016 జనవరిలో ఇంటికి పంపేశారు. తర్వాత వచ్చిన ఒప్పందాలతో పాత షరతు పోయిందని సంస్థ వాదన. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1979 ఒప్పందం చెల్లుతుందనీ, అదే పే గ్రేడులో తగిన వేరే పని చూపించాలనీ 2025 ఆగస్టులో తీర్పొచ్చింది. మధ్యలో తొమ్మిదిన్నరేళ్ళు పోయాయి. కంటి పరీక్ష అంటే డ్రైవరు ఎందుకు భయపడతాడో తెలియాలంటే ఈ ఒక్క కేసు చాలు.

సరే, మరి సొంత కారు? 2019లో మోటారు వాహనాల చట్టం సవరించేదాకా మామూలు లైసెన్సు 20 ఏళ్ళకి, లేదా 50 ఏళ్ళ వయసు వచ్చేదాకా, ఏది ముందైతే అదే. ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్. సవరణ తర్వాత 30 లోపు తీసుకుంటే 40 ఏళ్ళు వచ్చేదాకా, 30-50 మధ్య అయితే పదేళ్ళు, 50-55 మధ్య అయితే 60 వచ్చేదాకా, 55 దాటితే ఐదేళ్ళు. 40 దాటినవాళ్ళు ఫారం 1ఏ మీద డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వాలి. పాతిక మీటర్ల దూరంలో నంబరు ప్లేటు కనపడుతుందా, ఎరుపూ ఆకుపచ్చా తెలుస్తుందా, రేచీకటి ఉందా, ఇలాంటివి. స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి చూడడం అన్నది ఎక్కడా లేదు, గడువు దాటి ఏడాది అయితే తప్ప.

దీంతో తమాషా చూడండి. హెచ్1 మీద వెళ్ళి, లైసెన్సు గడువు సంగతే మర్చిపోయి, రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చిన 42 ఏళ్ళ కొడుకు నాగోలు ట్రాక్ మీద మళ్ళీ టెస్టు ఇవ్వాలి. టైముకి రెన్యూ చేయించుకున్న 78 ఏళ్ళ తండ్రికి సంతకం చాలు. ఆ సంతకాలు కూడా మనిషిని సరిగా చూడకుండానే పడుతుంటాయని మనందరికీ తెలుసు. ఐదేళ్ళ గడువు పెట్టినవాళ్ళ ఉద్దేశం మంచిదే. గడువు మిగిలింది, పరీక్ష మాయమైంది.

మరైతే అందరికీ టెస్టు పెట్టేస్తే సరి కదా? ఇక్కడే చరిత్ర కాస్త అడ్డం తిరుగుతుంది. ఫిన్లాండ్‌లో 70 దాటిన డ్రైవర్లకి వైద్య పరీక్ష తప్పనిసరిగా ఉండేది, పక్కనే స్వీడన్‌లో వయసు చూసి పెట్టే పరీక్ష ఏదీ లేదు. రెండు దేశాల్నీ పోల్చిన అధ్యయనం ఒకటి 1996లో వచ్చింది. పెద్దవాళ్ళ కారు ప్రమాదాల్లో ఫిన్లాండ్‌కి ఒరిగిందేమీ కనపడలేదు. పైగా అక్కడ రోడ్డు మీద నడుస్తూ చనిపోయిన వృద్ధులు ఎక్కువ. డెన్మార్క్ 2006లో 70 దాటినవాళ్ళకి జ్ఞాపకశక్తి లాంటివి చూసే పరీక్ష పెడితే, 2012లో వచ్చిన అధ్యయనం ఇంచుమించు ఇదే చెప్పింది. కారులోంచి దింపిన పెద్దాయన ఇంట్లో కూర్చోడు కదా, నడుస్తాడు, సైకిలెక్కుతాడు. అది డెన్మార్క్. మన తార్నాక మెయిన్ రోడ్డు దాటడం ఊహించుకోండి.

జపాన్ వాళ్ళు రెండో కొసని కూడా పట్టుకున్నారు. 75 దాటితే రెన్యువల్‌కి జ్ఞాపకశక్తి పరీక్ష 2009 నుంచీ ఉంది. 2019 ఏప్రిల్‌లో టోక్యోలోని ఇకెబుకురోలో 87 ఏళ్ళ ఆయన కారు దూసుకెళ్ళి ఒక తల్లీ, మూడేళ్ళ కూతురూ చనిపోయారు. ఆయనకి 2021లో ఐదేళ్ళ జైలు శిక్ష పడింది. 2022 మే నుంచి, 75 దాటి కొన్ని రకాల ట్రాఫిక్ తప్పులు చేసినవాళ్ళకి బండి నడిపించి చూసే టెస్టు కూడా పెట్టారు. దాంతోపాటు లైసెన్సు తనంతట తాను తిరిగిచ్చేస్తే ఒక గుర్తింపు పత్రం ఇస్తారు, అది చూపిస్తే చాలా ఊళ్ళలో బస్సు, టాక్సీ చార్జీల్లో తగ్గింపు. 2019 ఒక్క ఏడాదిలోనే దాదాపు 6 లక్షలమంది తిరిగిచ్చారు. ఇలినాయ్ మాత్రం వెనక్కి నడిచింది. వయసు చూసి రోడ్డు టెస్టు పెట్టే రాష్ట్రంగా పేరుపడ్డ అది, ఆ వయసుని 79 నుంచి 87కి పెంచుతూ 2025లో చట్టం చేసింది. (షికాగో, నేపర్‌విల్ వైపు గ్రీన్‌కార్డు అమ్మానాన్నలున్నవాళ్ళు ఊపిరి పీల్చుకుని ఉంటారు.)

మన రోడ్ల మీద చనిపోయేవాళ్ళలో మూడింట రెండొంతులు 18-45 మధ్యవాళ్ళేనని కేంద్రం లెక్కలే చెప్తాయి. కాబట్టి ముసలివాళ్ళ మీద పడితే ప్రమాదాలు ఆగిపోతాయని నేననను. కానీ 70 దాటాక ప్రతి రెన్యువల్‌కీ ఒక్క అరగంట పక్కన మనిషిని కూర్చోబెట్టుకుని బండి నడిపి చూపించడం అన్యాయమేమీ కాదనే నా అభిప్రాయం. పాస్, ఫెయిల్ రెండే ఉండక్కర్లేదు. పగటిపూట మాత్రమే నడిపే షరతుతో ఇచ్చే లైసెన్సు అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉంది, అది మనకీ పనికొస్తుంది. అయితే తప్పినవాళ్ళకి డీకేటగరైజేషన్ లాంటిది ఏదో ఒకటి ఉండాలి. రైల్వే వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచితం, అంటే అమ్మకి ఇబ్బంది లేదు, నాన్నకి టికెట్. తార్నాక మెట్రో స్టేషన్ 2017 నవంబరులో తెరిచారు, లిఫ్టు కూడా ఉంది, ఆ లిఫ్టు దాకా నడిచే ఫుట్‌పాత్ ఉంటే ఇంకా బాగుండేది.

మా నాన్నగారు ఈ మధ్య వీధుల్లో ఒకదాన్లోనే ఉంటారు. "నాన్నా, చీకటి పడ్డాక కారు తియ్యకండి" అంటే, "ఒరేయ్, ఓయూ క్యాంపస్ రోడ్ల మీద నీకు క్లచ్చు నేర్పింది ఎవర్రా?" అంటారు. అది నిజమే కాబట్టి నా దగ్గర జవాబుండదు. కారు మానేస్తే మందుల షాపుకీ, కూరగాయలకీ, ఆదివారం స్నేహితుల దగ్గరికీ ఎలా వెళ్ళాలని ఆయన అడిగినప్పుడు యాప్‌లో ఆటో బుక్ చేసి పంపిస్తానంటాను. కొడుకు మాదాపూర్‌లో మీటింగులో ఉంటే ఆటో ఎవరు బుక్ చేస్తారన్నది ఆయన తర్వాతి ప్రశ్న. 2023లో 72 ఏళ్ళకి రెన్యూ చేయించుకున్నారు, అద్దాలు కూడా తీయించకుండానే సంతకమైపోయింది. మళ్ళీ 2028లో, 77కి.