ఫోన్ కెమెరాతో చిత్రశోధన: అమీర్‌పేట, పంజాగుట్ట

పేరు తెలియని వస్తువును ఫోన్‌తో ఫోటో తీసి, ఆ ఫోటో ఆధారంగానే దాని వివరాలు వెతకడాన్ని చిత్రశోధన లేదా విజువల్ సెర్చ్ అంటారు. ఫోటోలో ఉన్నదేమిటో పోల్చుకోవడం ఇందులో మొదటి మెట్టు, దాని సమాచారం తెచ్చివ్వడం రెండోది. హైదరాబాద్ నడిబొడ్డున అమీర్‌పేట, పంజాగుట్టల్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు, చీరల షోరూములు, నిమ్స్ ఆసుపత్రి దగ్గర దగ్గరగా ఉన్నాయి. అందువల్ల ఈ సాంకేతికత ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ చతికిలబడుతుందో ఇక్కడ తేలిగ్గా తెలుస్తుంది. షాపు కౌంటర్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం మాత్రం చిత్రశోధన కాదు. ఆ గళ్లలో సమాచారం ముందే రాసి ఉంటుంది, ఫోన్ దాన్ని చదువుతుందంతే. చీరకో చెట్టుకో అలాంటి రాత ఉండదు.

పనితీరు

కెనడాకు చెందిన డేవిడ్ లోవ్ 1999లో సిఫ్ట్ అనే పద్ధతిని ప్రకటించాడు. ఫోటోలోని మూలలు, మచ్చల వంటి ప్రత్యేక బిందువులను ఏరి, కెమెరా వంగినా దూరం జరిగినా పెద్దగా మారని కొలతలుగా రాసుకోవడం దీని కిటుకు. 2003లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు సివిక్, జిస్సర్‌మన్ ఆ కొలతలను గుంపులు చేసి, పుస్తకం చివరి పదసూచిక మాదిరిగా వెతికే పద్ధతి చూపారు. 2009 డిసెంబరులో వచ్చిన గూగుల్ గాగుల్స్ యాప్ పుస్తకాల అట్టలు, కట్టడాలు, లోగోలను బాగానే పట్టేది. మొక్కలు, జంతువులు, దుస్తుల దగ్గర తడబడేది. ఒకే అట్ట లక్ష ప్రతుల్లోనూ ఒకేలా ఉంటుంది, ఒక వేపకొమ్మ ఇంకో వేపకొమ్మలా ఉండదు కదా.

2012లో, ఫోటోల్లో ఉన్నదేమిటో యంత్రాలు గుర్తించే ఇమేజ్‌నెట్ పోటీలో ఈ పరిస్థితి తిరగబడింది. సుమారు 12 లక్షల ఫోటోలతో శిక్షణ పొందిన అలెక్స్‌నెట్ అనే వ్యవస్థ తప్పుల శాతాన్ని దాదాపు 26 నుంచి 15కి దించింది. ఏ గుర్తు ముఖ్యమో మనిషి చెప్పనక్కర్లేదు, యంత్రమే ఉదాహరణల నుంచి నేర్చుకుంటుంది. ఇప్పటి పద్ధతుల్లో ఒక్కో ఫోటో ఒక్కో అంకెల వరుసగా మారుతుంది, పోలిక ఉన్నవాటి వరుసలు దగ్గరగా వస్తాయి. 2017లో వచ్చిన గూగుల్ లెన్స్ వెనకున్నది ఇదే. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: ఎవరో ఫోటో తీసి పేరు పెట్టినదాన్నే యంత్రం పేరుతో చెప్పగలదు.

హైదరాబాద్ పరిశోధన

గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో సీవీఐటీ అనే దృశ్య సాంకేతిక కేంద్రం ఉంది. అక్కడ సి.వి. జవహర్ బృందం 2012లో హెరిటేజ్ యాప్‌ను రూపొందించింది. గోల్కొండ కోటలాంటి చోట గోడనో ద్వారాన్నో ఫోటో తీస్తే దాని కథ ఫోన్‌లోనే వచ్చేది, ఇంటర్‌నెట్ అవసరం ఉండేది కాదు. సిగ్నల్ మీద భరోసా లేని ఆ రోజుల్లో ఇది చాలా ముందుచూపున్న పని. ఫోటోల సూచిక మొత్తం ఫోన్‌లో పట్టాలి కాబట్టి దాన్ని కుదించడమే అసలు సవాలు. 2013 నాటి పరిశోధనలో 50,000 ఫోటోల సూచికను 25 మెగాబైట్లకు తెచ్చారు. కుదింపు వల్ల జాబితా అడుగున పొరపాట్లు పెరిగినా, మొదటి జవాబు సరిగ్గా ఉంటే సందర్శకుడికి చాలన్నది వారి లెక్క.

అమీర్‌పేట బోర్డులు

మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డులు అంతస్తుల వారీగా వేలాడుతుంటాయి. ఇంగ్లిష్ బోర్డును ఫోన్ చప్పున చదివేస్తుంది. తెలుగు దగ్గరే దాని పని కష్టమవుతుంది. ద, ధ, థ చూడండి: ధకు అడుగున చిన్న గీత, థకు కడుపులో చుక్క. ఫ్లెక్సీ ముడత పడినా, మెట్రో పిల్లర్ నీడ పడినా పోయేవి ఆ గీత, ఆ చుక్కే. పైన గుడి, కింద వత్తు చేరితే ఒక్క అక్షరమే మూడంతస్తులవుతుంది. పైగా బోర్డు రాసేవాళ్లు అక్షరాలను వంచి, సాగదీసి, నీడలు వేస్తారు. అచ్చు తెలుగును చదివే వ్యవస్థను హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి బృందం 2001లోనే వివరించింది. వీధి బోర్డుల కోసం ట్రిపుల్ ఐటీ 2017లో తెలుగు, మలయాళం, దేవనాగరి ఫోటోల సంపుటిని విడుదల చేసింది. ఇలాంటి ఓపికైన పని ఎంత జరిగితే మన బోర్డులు ఫోన్‌కు అంత అర్థమవుతాయి.

చీరలు

ఫంక్షన్‌లో నచ్చిన చీర ఫోటో చూపించి “ఇలాంటిదే కావాలి” అనడం షోరూముల్లో మామూలే. ఆన్‌లైన్‌లో ఇదే పని చేసే తన చిత్రశోధన పద్ధతిని ఫ్లిప్‌కార్ట్ 2017లో పరిశోధనా పత్రంగా ప్రచురించింది. రంగు, అంచు, బుటీల పోలికలో యంత్రం దిట్ట. నేత విషయంలో మాత్రం దాని మాట నమ్మడానికి లేదు. పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకే ముందుగా ముడులు కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు. అందుకే డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, తిరగేసినా రంగు అంతే నిండుగా ఉంటుంది. అదే డిజైన్‌ను అచ్చు వేసిన చీరలో గీతలు పదునుగా ఉంటాయి, వెనక వైపు వెలిసినట్టు కనిపిస్తుంది. బొమ్మకు కట్టిన చీరను ఎదుటి నుంచి తీసిన ఫోటోలో వెనక వైపు ఉండనే ఉండదు. రెండు చీరలూ యంత్రానికి దాదాపు ఒకటే. వాటి ధరల మధ్య తేడా మాత్రం నేతగాడి రోజుల కష్టం.

మందులు

నిమ్స్ పరిసరాల్లో ఇలా పోలికను చూసి పొరబడటం ప్రాణాంతకం కావచ్చు. కత్తిరించి ఇచ్చిన స్ట్రిప్పు ముక్క మీద మందు పేరు మిగలకపోవచ్చు, తెల్లటి గుండ్రటి మాత్రలు లెక్కలేనన్ని. పోలికను బట్టి ఫోన్ చెప్పే పేరును నమ్మి మాత్ర వేసుకోకూడదు. 2023 ఆగస్టు 1 నుంచి దేశంలో 300 మందుల బ్రాండ్ల ప్యాకింగ్‌పై బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి. అది ఉన్నప్పుడు పోలికతో పనిలేదు, ఫోన్ కోడ్‌ను చదివితే చాలు.

ముఖాలు

మనుషుల విషయంలో ఇదే పద్ధతి అధికారం చేతిలో సాధనమైంది. తెలంగాణ పోలీసులు 2018లో తమ టీఎస్‌కాప్ యాప్‌లో ముఖ గుర్తింపును చేర్చారు. ఫోన్ యజమాని ముఖాన్ని ఒకే ఒక్క ఫోటోతో పోల్చి తాళం తీయడం వేరు, దారిన పోయే వ్యక్తి ముఖాన్ని పెద్ద జాబితా అంతటితో పోల్చడం వేరు. జాబితా పెరిగేకొద్దీ వేరెవరి ముఖంతోనో పోలిక కుదిరే అవకాశమూ పెరుగుతుంది. చీరలో పొరపడితే డబ్బు పోతుంది, ఇక్కడ పోయేది స్వేచ్ఛ. 2021 మేలో లాక్‌డౌన్ సమయంలో పోలీసులు తన ఫోటో తీసుకున్నారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. ప్రత్యేక చట్టమేదీ లేకుండా ముఖ గుర్తింపును వాడటం రాజ్యాంగ విరుద్ధమన్నది ఆయన పిటిషన్‌లోని వాదన. 2022 జనవరిలో హైకోర్టు దానిపై ప్రభుత్వానికి నోటీసులు జారీ చేసింది.