పావు అంగుళం లెక్క

మన బొంతకి కొలతల బాధ తక్కువ. పాత చీరలు పొరలుగా పరిచి కుట్టేస్తే సరి. అమెరికా క్విల్టు చాలావరకు చదరాల కూర్పు. ముక్కల అంచున కుట్టుకి వదిలేది పావు అంగుళం. కుట్టు అంగుళంలో 16వ వంతు లోపలికి జరిగితే రెండు ముక్కలూ తరుగుతాయి. తొమ్మిది ముక్కల వరుసలో ఎనిమిది కుట్లు. అన్నీ అలాగే పడితే వరుస అంగుళం కురచ!

19వ శతాబ్దంలో 'లాగ్ కాబిన్' క్విల్టులు కుట్టిన స్త్రీలు చాలామంది ఒక్కో చదరానికీ అడుగున కొలిచి కత్తిరించిన గుడ్డ వేసుకుని, దానిమీదే పేలికలు కుట్టేవారు. లోపల ముక్క వంకరపోయినా చదరం కొలత చెదిరేది కాదు. 1979లో ఓల్ఫా చక్రపు కత్తి వచ్చాక కత్తిరించడం తేలికైంది. పావు అంగుళం మాత్రం నేటికీ కుట్టేవారి బాధ్యతే.

తప్పు జరుగుతుందని ముందే ఊహించి, అది పక్కకి పాకకుండా కట్టడి చేయడాన్ని మేం ఇంజనీరింగ్ అంటాం. వాళ్ళు చేస్తే ఇంటిపని అన్నారు.